అధ్యక్షుని నడత - దేశం పరువు

మా ఊళ్ళో "ప్రెసిడెంటు గారు" అంటే పంచాయతీ ప్రెసిడెంటే. సర్పంచ్ అన్న మాట కాగితాల మీద ఉంటుంది గానీ జనం నోట్లో నానింది ప్రెసిడెంటు అన్న మాటే. మా వాళ్ళు కూలికి పొరుగూరు వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా "ఏ ఊరు మీది?" అన్న ప్రశ్న తర్వాత వచ్చేది "ఇప్పుడు ప్రెసిడెంటు ఎవరు?" అన్న ప్రశ్నే. ఆ పేరు వినగానే అవతలి మనిషి మొహంలో ఒక మర్యాదో, ఒక వెకిలి నవ్వో కనిపిస్తుంది. పేటకు మంచినీళ్ళ కుళాయి వేయించినవాడైతే మర్యాద. ఇళ్ళ బిల్లులు మింగినవాడైతే నవ్వు. ఆ నవ్వు ప్రెసిడెంటుకు కనబడదు. కూలికి వెళ్ళిన మా అమ్మకు కనబడుతుంది. కుర్చీలో కూర్చున్నవాడు ఎలా నడుచుకున్నాడన్న దానికి కుర్చీ లేనివాళ్ళే మూల్యం చెల్లిస్తారు. ఊరికైనా, దేశానికైనా ఇది ఒకటే.

మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేను. ఇప్పుడు ఎం.ఏ. రాజనీతి శాస్త్రం చదువుతున్నాను. మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వచ్చినప్పుడు జ్ఞాపకాలు రాయాలా, చదువుతున్న విషయం రాయాలా అని ఆలోచించాను. జ్ఞాపకాలు సీనియర్ అన్నలు నాకంటే బాగా రాస్తారు. అందుకని ఈ ఏడాది మా తరగతిలో జరిగిన ఒక సెమినార్ గురించి రాస్తున్నాను. "దేశాధ్యక్షుని నాయకత్వం ప్రపంచంలో ఆ దేశ స్థానాన్ని ఎలా మారుస్తుంది?" అన్నది అంశం. ఒక మిత్రుడు లేచి, "గట్టి నాయకుడు ఒక్కడుంటే చాలు, ప్రపంచం దానంతటదే దణ్ణం పెడుతుంది" అన్నాడు. చప్పట్లు బాగానే మోగాయి. నా వంతు వచ్చినప్పుడు నేను దక్షిణాఫ్రికా గురించి మాట్లాడాను. ఆ రోజు పది నిమిషాల్లో చెప్పలేకపోయిన సంగతులు ఇక్కడ మీతో పంచుకుంటాను.

ముందుగా ఒక తేడా గుర్తుంచుకోవాలి. మన రాజ్యాంగం ప్రకారం రాష్ట్రపతి దేశానికి అధినేత, పాలనాధికారం మాత్రం ప్రధానమంత్రి, మంత్రిమండలి చేతిలో ఉంటుంది. అయినా ఆ పదవిలోని మనిషిని బట్టి దాని విలువ పెరగవచ్చు. 1997లో రాష్ట్రపతి అయిన తొలి దళితుడు కె.ఆర్. నారాయణన్ గారు, అదే ఏడాది ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన విధించమని వచ్చిన సిఫార్సును పునఃపరిశీలనకు తిప్పి పంపారు. రబ్బరు స్టాంపు అని వెక్కిరించే పదవి నుంచే ఆ పని చేశారు. దక్షిణాఫ్రికాలో పద్ధతి వేరు. అక్కడ అధ్యక్షుణ్ణి పార్లమెంటు ఎన్నుకుంటుంది. దేశాధినేతా ఆయనే, ప్రభుత్వాధినేతా ఆయనే. ఒక మనిషి రెండు పర్యాయాలకు మించి ఉండకూడదు. అంటే మంచి చేసినా చెడు చేసినా దాని ఫలితం తిన్నగా దేశం మీద పడుతుంది. అందుకే మన చర్చకు ఆ దేశం సరిపోతుంది.

దక్షిణాఫ్రికా మనకు మరీ పరాయి దేశం కూడా కాదు. 1860 నవంబరులో మద్రాసు నుంచి "ట్రూరో" అనే ఓడ డర్బన్ రేవుకు చేరింది. చెరకు తోటల్లో పని చేయడానికి ఒప్పంద కూలీలను తీసుకెళ్ళిన మొదటి ఓడ అది. తర్వాత యాభై ఏళ్ళలో లక్షన్నర మంది భారతీయులు అలా వెళ్ళారు. వారిలో మన కోస్తా జిల్లాల తెలుగువాళ్ళున్నారు, మన పేటల మనుషులూ ఉన్నారు. వాళ్ళ బిడ్డలు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. తెల్లవాళ్ళ బస్సు ఎక్కకూడదు, తెల్లవాళ్ళ బల్ల మీద కూర్చోకూడదు, తెల్లవాళ్ళ వీధిలో ఇల్లు కొనకూడదు అన్న చట్టాల కింద ఆ తెలుగువాళ్ళు కూడా బతికారు. ఊరికి దూరంగా పేట, పేటకు వేరే బావి అన్న ఏర్పాటు మన దగ్గర ఆచారంగా ఉంటే అక్కడ చట్టంగా ఉండేది. దాని పేరే అపార్థీడ్.

ఆ చట్టాలున్నన్నాళ్ళు ఆ దేశం ప్రపంచానికి వెలివాడ. మనలను ఊరు వెలివేసినట్టుగా ఆ ప్రభుత్వాన్ని ప్రపంచం వెలివేసింది. ఆ పనికి మొదట పూనుకున్నది మన దేశమే. 1946లో దక్షిణాఫ్రికాతో వ్యాపార సంబంధాలు తెంచుకుని, ఐక్యరాజ్యసమితిలో ఆ విషయం లేవనెత్తింది. 1961లో ఆ దేశం కామన్వెల్త్ నుంచి బయటికి వెళ్ళింది. 1964 ఒలింపిక్స్‌కు రానివ్వలేదు. 1974లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో కూర్చోనివ్వలేదు. 1977లో ఆయుధాలు అమ్మకూడదని భద్రతా మండలి తీర్మానించింది. 1974 డేవిస్ కప్ టెన్నిస్ ఫైనల్లో మన జట్టు దక్షిణాఫ్రికాతో ఆడాల్సి వచ్చింది. మనవాళ్ళు ఆడనన్నారు, కప్పు వదులుకున్నారు. మన పాస్‌పోర్టు మీద ఆ దేశానికి చెల్లదని రాసి ఉండేది. ఆ దేశంలో బంగారం ఉంది, వజ్రాలున్నాయి, అణుబాంబులు కూడా చేసుకున్నారు. "గట్టి" నాయకులకూ కొదవ లేదు. అయినా ఎవరూ దణ్ణం పెట్టలేదు. మా మిత్రుడి మాటకు నేను మొదట చెప్పిన జవాబు ఇదే. బలం ఉన్నంత మాత్రాన గౌరవం రాదు.

1990 ఫిబ్రవరి 11న నెల్సన్ మండేలా జైలు నుంచి విడుదలయ్యారు. 27 ఏళ్ళ జైలు జీవితంలో 18 ఏళ్ళు రాబెన్ ద్వీపంలో సున్నపురాయి కొడుతూ గడిపిన మనిషి. అదే ఏడాది మన దేశం ఆయనకు భారతరత్న ఇచ్చింది. 1994 ఏప్రిల్‌లో మొదటిసారి నల్లవాళ్ళందరూ ఓటు వేశారు. మే 10న ఆయన అధ్యక్షుడయ్యారు. నెల తిరగకుండానే కామన్వెల్త్ తలుపు తెరుచుకుంది, జూన్‌లో ఐక్యరాజ్యసమితిలో మళ్ళీ కుర్చీ దొరికింది. 1995లో మన గణతంత్ర దినోత్సవానికి ముఖ్య అతిథిగా వచ్చింది ఆయనే. పాస్‌పోర్టు చెల్లని దేశం నుంచి ముఖ్య అతిథి వచ్చే స్థాయికి ఎంత త్వరగా చేరిందో చూడండి.

ఇదంతా ఒక్క మండేలా చలవ అనడం న్యాయం కాదు. వీధుల్లో కాల్పులకు బలైన పిల్లలున్నారు, సమ్మెలు చేసిన కార్మికులున్నారు. అధికారం వదులుకోవడానికి ఒప్పుకున్న తెల్ల అధ్యక్షుడు డి క్లర్క్ ఉన్నారు. చేసిన అణుబాంబులను విప్పించి, ఆ సంగతి 1993లో ప్రపంచానికి చెప్పింది కూడా డి క్లర్కే. అయితే అధ్యక్షుడైన తర్వాత మండేలా ఏం చేశారన్నది చూడాలి. తమను తొక్కిన జాతి ఆయన చేతికి చిక్కింది. పగ తీర్చుకుంటే అడ్డుకునేవాళ్ళు లేరు. ఆయన ఏం చేశారంటే, అపార్థీడ్‌కు రూపకర్త అనిపించుకున్న ప్రధాని వెర్‌వూర్డ్ భార్య, తొంభై దాటిన ముసలమ్మ, ఆమె ఊరికే వెళ్ళి టీ తాగి వచ్చారు. 1995 జూన్ 24న రగ్బీ ప్రపంచకప్ ఫైనల్ జోహానెస్‌బర్గ్‌లో జరిగింది. ఆ జట్టు చొక్కా అంటే నల్లవాళ్ళకు కంపరం, అది తెల్లవాళ్ళ జెండా లాంటిది. ఆ చొక్కానే, కెప్టెన్ వేసుకునే 6వ నంబరుతో, తాను వేసుకుని మైదానంలోకి నడిచారు. ఆ రోజు గెలుపు 15-12 తేడాతో అని రికార్డుల్లో ఉంది. అసలు గెలుపు ఏమిటో ఆ స్టేడియంలో నిలబడి ఆయన పేరు పెట్టి అరిచిన తెల్లవాళ్ళకు తెలుసు.

ప్రపంచం ఎక్కువగా చెప్పుకునేది ఈ చొక్కా కథే, సినిమా కూడా తీశారు. నాకు మాత్రం అంతకంటే గొప్పగా అనిపించేవి మరో మూడు పనులు. మొదటిది, 1995లో ఎన్నికల చట్టం విషయంలో ఆయన జారీ చేసిన ఉత్తర్వులను రాజ్యాంగ న్యాయస్థానం కొట్టివేసింది. ఆ కోర్టు కొత్తది, జడ్జీలను నియమించిందీ ఆయనే. ఆయన వెంటనే ప్రజల ముందుకు వచ్చి తీర్పును శిరసావహిస్తానని చెప్పారు. రెండోది, 1998లో ఒక కేసులో అధ్యక్షుడే వచ్చి సాక్ష్యం చెప్పాలని హైకోర్టు పిలిచింది. న్యాయ సలహాదారులు ఎన్నో దారులు చూపగలరు. ఆయన వెళ్ళి బోనులో నిలబడ్డారు. మూడోది, రెండోసారి నిలబడితే ఎదురు లేకపోయినా ఒక్క పర్యాయంతో చాలించి 1999లో కుర్చీ దిగిపోయారు. ఆఫ్రికాలోనే కాదు, ఎక్కడైనా కుర్చీ ఎక్కినవాడు దిగడం అరుదు. ఈ మూడు పనుల్లో చప్పట్లు కొట్టించేది ఏదీ లేదు. కానీ దేశాన్ని నిలబెట్టింది ఇవే అని తర్వాత తేలింది.

పలుకుబడి ఉంటే అన్నీ జరుగుతాయా అంటే జరగవు. 1995 నవంబరులో నైజీరియా సైనిక పాలకులు రచయిత కెన్ సారో-వీవాను ఉరి తీశారు. మండేలా మండిపడి ఆ దేశపు చమురు కొనవద్దని ప్రపంచాన్ని అడిగారు. ఎవరూ ముందుకు రాలేదు, పొరుగు దేశాలే ఆయన్ను ఒంటరిని చేశాయి. స్వదేశంలో కూడా భూములు చాలావరకు తెల్లవాళ్ళ చేతుల్లోనే ఉండిపోయాయి. పేదవాడి గుడిసె గుడిసెగానే మిగిలిందన్న విమర్శ ఈనాటికీ ఉంది, అందులో నిజమూ ఉంది. గౌరవం కడుపు నింపదు. ఇది కూడా మనం మరిచిపోకూడదు.

మండేలా తర్వాత వచ్చిన థాబో ఎంబెకి బాగా చదువుకున్నవాడు. ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో ఆర్థిక శాస్త్రంలో ఎం.ఏ. చేశారు. ఆఫ్రికా దేశాలన్నిటినీ ఒక తాటి మీదికి తేవాలని తపించారు. 2002లో ఆఫ్రికన్ యూనియన్ డర్బన్‌లో మొదలైనప్పుడు ముందు నిలిచింది ఆయనే. అంతటి మనిషి ఒక విషయంలో మాత్రం ఎవరి మాటా వినలేదు. ఎయిడ్స్‌కు మూలం హెచ్.ఐ.వి. వైరస్ అన్న సంగతినే సందేహించారు. 2000 జూలైలో ప్రపంచ ఎయిడ్స్ సదస్సు డర్బన్‌లోనే జరిగింది. ఐదు వేల మందికి పైగా శాస్త్రవేత్తలు సంతకాలు చేసి మూలం ఆ వైరస్సేనని ప్రకటించారు. పుట్టుకతోనే ఆ జబ్బు వచ్చిన న్‌కోసి జాన్సన్ అనే పదకొండేళ్ళ పిల్లవాడు ఆ వేదిక ఎక్కి, గర్భిణీ తల్లులకు మందులు ఇవ్వమని ప్రభుత్వాన్ని అడిగాడు. ఏడాది తిరగకుండానే ఆ పిల్లవాడు చనిపోయాడు.

ఇక్కడ మన దేశం మళ్ళీ కథలోకి వస్తుంది. అప్పట్లో ఒక రోగికి ఏడాది మందులకు పది వేల డాలర్లకు పైగా అయ్యేది. 2001 ఫిబ్రవరిలో మన సిప్లా కంపెనీ సేవా సంస్థలకు 350 డాలర్లకే ఇస్తానంది. అంటే రోజుకు డాలర్ కంటే తక్కువ. చౌక మందులకు దారి తెరిచే చట్టాన్ని మండేలా ప్రభుత్వం 1997లోనే చేసి పెట్టింది. దాని మీద కోర్టుకెక్కిన 39 మందుల కంపెనీలు 2001 ఏప్రిల్‌లో కేసు ఉపసంహరించుకున్నాయి. చట్టం ఉంది, మందు ఉంది, అధ్యక్షుడికి మనసు లేదు. చివరికి తల్లుల నుంచి బిడ్డలకు జబ్బు సోకకుండా ఆపే మందు ఇచ్చి తీరాలని 2002 జూలైలో రాజ్యాంగ న్యాయస్థానం ఆదేశించింది. ఆ జాప్యం వల్ల 2000 నుంచి 2005 వరకు 3 లక్షల 30 వేల మందికి పైగా ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు 2008లో లెక్క వేశారు. 2005 జనవరిలో మండేలా కొడుకు కూడా ఎయిడ్స్‌తోనే చనిపోయాడు. ఆ తండ్రి దాన్ని దాచలేదు. పత్రికల వాళ్ళను పిలిచి చెప్పారు, ఈ జబ్బును దాచిపెట్టకండని ప్రజలను కోరారు. కుర్చీలో ఉన్నవాడు నిజం ఒప్పుకోనప్పుడు, కుర్చీ దిగినవాడు నిజం చెప్పాడు. ప్రపంచం ఎవరిని గౌరవించిందో వేరే చెప్పాలా?

తమ్ముళ్ళూ, ఎంబెకి సంగతి చదివినప్పుడల్లా నాకు భయం వేస్తుంది. చదువే మనల్ని పైకి తెస్తుందని మనకు చెబుతారు, అది నిజమే. కానీ చదువు ఎక్కువైనవాడు వినడం మానేస్తే ఆ చదువే అడ్డుగోడ అవుతుంది. నేను సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు నాన్న ఏదైనా చెబుతుంటే "నీకేం తెలుసు" అన్న మాట నా నోటి నుంచి రాకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

డర్బన్ పేరు మన వాళ్ళకు గుర్తుండాల్సిన కారణం ఇంకొకటి ఉంది. 2001 ఆగస్టు చివర జాతివివక్షకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి ప్రపంచ సదస్సు అక్కడే జరిగింది. వెలి నుంచి బయటపడిన దేశం కాబట్టి అలాంటి సభకు అంతకు మించిన చోటు లేదు. మన దేశం నుంచి, మన తెలుగు నేల నుంచి దళిత కార్యకర్తలు అక్కడికి వెళ్ళి కులవివక్ష గురించి ప్రపంచానికి చెప్పారు. కులం జాతి కాదు, ఇది మా ఇంటి విషయం అని మన ప్రభుత్వం వాదించింది. తుది ప్రకటనలో కులం ప్రస్తావన రాలేదు. 1946లో దక్షిణాఫ్రికా వివక్షను ఐక్యరాజ్యసమితిలో నిలదీసినప్పుడు అది కూడా "మా ఇంటి విషయం" అనే వాదించింది. ఆ రోజు ఆ వాదన చెల్లదన్నది మనమే. దేశం పరువు బయట చెప్పే మాటలతో కాదు, ఇంట్లో నడిచే తీరుతో కొలుస్తారన్నది మనకు కూడా వర్తిస్తుంది.

నేను ఆరో తరగతిలో ఉండగా, 2013 డిసెంబరులో మండేలా మరణించారు. అక్కడ అది 5వ తేదీ రాత్రి. మన గడియారంలో అప్పటికే 6వ తేదీ వచ్చేసింది. డిసెంబరు 6 మన హాస్టళ్ళలో ఏ రోజో మీకు తెలుసు. బాబాసాహెబ్ వర్ధంతికి దండ తెచ్చి, పటం తుడిచి పెట్టుకున్న రోజున ఈ వార్త వచ్చింది. మరునాడు పేపర్లో ఆయన ఫొటో పెద్దగా వేశారు. సీనియర్ అన్న ఒకాయన దాన్ని కత్తిరించి అంబేద్కర్ పటం పక్కన గోడకు అన్నం మెతుకులతో అంటించాడు. మన ప్రభుత్వం ఐదు రోజులు సంతాప దినాలు ప్రకటించింది. పరాయి దేశపు నాయకుడికి మన జెండా ఎందుకు దించారని నేను అడిగితే, "ఆయన పరాయివాడెలా అవుతాడ్రా" అన్నాడు ఆ అన్న.

డిసెంబరు 10న జోహానెస్‌బర్గ్ స్టేడియంలో సంతాప సభ జరిగింది. దాదాపు తొంభై దేశాల అధినేతలు వానలో కూర్చున్నారు. మన రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ గారు మాట్లాడారు. అమెరికా అధ్యక్షుడు ఒబామా, క్యూబా అధ్యక్షుడు రౌల్ కాస్ట్రో అక్కడే చేతులు కలిపారు. అదే సభలో అప్పటి అధ్యక్షుడు జాకబ్ జుమా తెర మీద కనిపించినప్పుడల్లా సొంత ప్రజలే ప్రపంచం ముందు ఈసడిస్తూ అరిచారు. ఒకే చోట, ఒకే రోజు, పోయిన అధ్యక్షుడు తెచ్చిన గౌరవం, ఉన్న అధ్యక్షుడు పోగొట్టిన గౌరవం పక్కపక్కన కనబడ్డాయి. మా అధ్యాపకులు ఈ ఘట్టం చెబుతూ, "పాఠ్యపుస్తకం అక్కర్లేదు, ఇది చాలు" అన్నారు.

జుమా కూడా రాబెన్ ద్వీపంలో పదేళ్ళు జైల్లో ఉన్నవాడే. పెద్దగా బడికి వెళ్ళకుండా పైకి వచ్చిన పేదవాడు. అందుకే ఆయన కథ మరీ బాధ పెడుతుంది. భద్రత పేరుతో ఆయన సొంత ఇంటికి ప్రజల డబ్బుతో ఈతకొలను, పశువుల కొట్టం, కోళ్ళ గూడు కట్టారు. థూలీ మడోన్సెలా అనే అధికారిణి 2014లో ఆ లెక్క బయటపెట్టారు. 2015 డిసెంబరులో నాలుగు రోజుల్లో ముగ్గురు ఆర్థిక మంత్రులు మారారు. ఆ దేశపు డబ్బు రాండ్ విలువ పడిపోయింది. 2017లో రెండు అంతర్జాతీయ సంస్థలు దేశానికిచ్చే రుణ రేటింగ్‌ను చెత్త స్థాయికి దించాయి. రేటింగ్ పడితే అప్పుకు వడ్డీ పెరుగుతుంది, వడ్డీ పెరిగితే బడికి, ఆసుపత్రికి మిగిలేది తగ్గుతుంది. మన దేశం నుంచి వెళ్ళిన గుప్తా సోదరులు ప్రభుత్వాన్నే గుప్పిట్లో పెట్టుకున్న తీరును జోండో విచారణ కమిషన్ నివేదికలు వివరించాయి. పరువు పోవడమంటే గాలిలో మాట కాదు. అది పేదవాడి కంచం దాకా వస్తుంది.

అయినా ఆ దేశం కూలిపోలేదు. ఎందుకు? మండేలా చప్పట్లు రాని ఆ మూడు పనులు చేసి ఉన్నారు కాబట్టి. 2016 మార్చి 31న రాజ్యాంగ న్యాయస్థానం జుమా రాజ్యాంగాన్ని ఉల్లంఘించారని తీర్పు చెప్పింది. ఇంటికైన ఖర్చులో ఒక భాగం ఆయన తిరిగి కట్టాల్సి వచ్చింది. 2018 ఫిబ్రవరిలో సొంత పార్టీయే రాజీనామా చేయించింది. విచారణకు రానన్నందుకు 2021లో కోర్టు 15 నెలల జైలు వేసింది. అప్పుడు చెలరేగిన అల్లర్లలో 350 మందికి పైగా చనిపోయారు. మన తెలుగువాళ్ళు కూడా ఉండే డర్బన్ పరిసరాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. ఎంత ఖరీదు పెట్టినా చట్టం మాత్రం నిలబడింది. 2024 మే ఎన్నికల్లో మండేలా పార్టీకి ముప్పై ఏళ్ళలో మొదటిసారి మెజారిటీ పోయింది. అధ్యక్షుడు సిరిల్ రామఫోసా ఫలితాన్ని ఒప్పుకుని, ప్రత్యర్థులతో కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేశారు.

గాజా విషయంలో ఇజ్రాయెల్ మీద 2023 డిసెంబరులో అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళింది కూడా దక్షిణాఫ్రికాయే. కొందరు మెచ్చుకున్నారు, కొందరు కోప్పడ్డారు. 2025 నవంబరులో జోహానెస్‌బర్గ్‌లో జీ-20 సదస్సు జరిగితే అమెరికా హాజరు కాలేదు. మిగతా దేశాలు వచ్చాయి, ప్రకటన వెలువడింది. అందరి దగ్గరా మంచి అనిపించుకోవడం గౌరవం కాదు. మనమన్న మాట వినడానికి ఎదుటివాళ్ళు కూర్చోవడం గౌరవం. సైన్యంలో, డబ్బులో ఎంతో పెద్దవైన దేశాల మధ్య ఆ చిన్న దేశానికి ఇంకా ఆ చోటుంది.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ చేసిన ప్రసంగం చదవని తమ్ముళ్ళు తప్పక చదవండి. దేశానికి సేవ చేసిన గొప్పవాళ్ళ పట్ల కృతజ్ఞత ఉండవచ్చు గానీ, ఎంత గొప్పవాడికైనా మన స్వేచ్ఛను అప్పగించకూడదని ఆయన హెచ్చరించారు. మతంలో భక్తి ముక్తినివ్వవచ్చు, రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి తీస్తుందన్నది ఆ హెచ్చరిక సారాంశం. మా మిత్రుడి "గట్టి నాయకుడు" మాటకు నా రెండో జవాబు అదే. మంచి అధ్యక్షుడు దేశానికి పరువు తెస్తాడు, సందేహం లేదు. కానీ తన తర్వాత చెడ్డవాడు వచ్చినా ఆ పరువు పూర్తిగా పోకుండా చట్టాన్ని, కోర్టును తన కంటే ఎత్తున నిలబెట్టి వెళ్ళినవాడే నిజంగా గట్టివాడు.

ఇది మన హాస్టల్లో కూడా చూశాను. నేను ఎనిమిదిలో ఉండగా వచ్చిన వార్డెన్ సార్ మెనూ బోర్డు రాయించారు. స్టాక్ రిజిస్టరులో మెస్ కమిటీ పిల్లలతో రోజూ సంతకం పెట్టించారు. కామాటికి బియ్యం కొలిచి ఇచ్చేటప్పుడు మేము పక్కన నిలబడేవాళ్ళం. సాయంత్రం స్టడీ అవర్‌లో తాను కూడా కూర్చునేవారు. రెండేళ్ళలో బళ్ళో "హాస్టలోళ్ళు" అన్న పిలుపులోని వెటకారం పోయింది. హైస్కూలు సార్లు మా హోంవర్కును చూపించి మిగతా పిల్లలను మందలించేవారు. ఆయన బదిలీ అయ్యాక వచ్చినాయనకు ఈ శ్రద్ధ లేదు. గుడ్లు తగ్గాయి, చారు పల్చబడింది. కానీ రిజిస్టరు ఉంది, సంతకం పెట్టే అలవాటు ఉంది. ఒక రోజు గుడ్ల లెక్క కుదరకపోతే తొమ్మిదో తరగతి తమ్ముడొకడు సంతకం పెట్టనన్నాడు. వాడి చేయి వణకడం నేను చూశాను. అయినా పెట్టలేదు. మరుసటి వారం గుడ్లు వచ్చాయి. వెళ్ళిపోయిన సార్ మాకు ఇచ్చిపోయింది మంచి భోజనం మాత్రమే కాదు, ఆ "పెట్టను" అన్న మాట.

మనలో రేపు ఎవరెవరు ఏ కుర్చీల్లో కూర్చుంటారో తెలియదు. ఎస్సై కావచ్చు, టీచరు కావచ్చు, సర్పంచ్ కావచ్చు, ఎమ్మెల్యే కావచ్చు. ఆ కుర్చీలో మనం ఎలా ఉన్నామో దాన్ని బట్టి మన పేట వాళ్ళను, మన హాస్టల్ వాళ్ళను లోకం కొలుస్తుంది. ఇది న్యాయం కాకపోవచ్చు. పెద్ద కులం అధికారి లంచం తింటే ఆ ఒక్కడి పేరే పోతుంది, మనవాడు తింటే "వీళ్ళంతా ఇంతే" అంటారు. ఆ అన్యాయంతో పోరాడుతూనే, దానికి అవకాశం ఇవ్వకుండా కూడా బతకాలి. లెక్క అడిగినవాడి మీద కోపం తెచ్చుకోకూడదు. తప్పు చూపించినవాడి మాట వినాలి. టైము అయినప్పుడు మర్యాదగా లేచి, తర్వాతి వాడికి చోటివ్వాలి.

ఈ ఏడాది హాస్టల్ లీడరుగా ఉన్న తమ్ముడికి ఒక్క మాట. పరీక్షలు కాగానే ట్రంకు పెట్టె సర్దుకునే ముందు, స్టాక్ రిజిస్టరు ఎలా చూడాలో, ఎక్కడ సంతకం పెట్టాలో, ఎప్పుడు పెట్టకూడదో వచ్చే ఏడాది లీడరుకు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించి వెళ్ళు.

జై భీమ్.

- పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (రాజనీతి శాస్త్రం)